ఒంటివేలి సంజాయిషీ

ఆ ఆదివారం పొద్దున్న సెక్రటరీ గారి ప్లాను చాలా చిన్నది. మెట్ల కింది గదిలో, టైలరమ్మ కుట్టుమిషను వెనక గోడ పగిలింది. ఆ పగులు ఫొటో అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టి, మేస్త్రీని పిలుద్దామా అని అడగాలి. అంతే.

"ముందు విషయం రాసి, తర్వాత ఫొటో పెట్టొచ్చుగా?" అంది భార్య.

"ఫొటో చూస్తే తెలియదూ!" అని పెట్టేశారాయన. ఆ తర్వాత తీరిగ్గా విషయం రాయడానికి కూర్చున్నారు. రాసేదేమో చూపుడువేలు ఒక్కదానితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ. గ్రూపు జనానికి అంత ఓపిక ఎక్కడిది?

"ఇది మన బిల్డింగేనా?" అని అడిగారు మొదటి అంతస్తు లాయరు గారు. "అవును, నేనే కళ్ళారా చూశాను" అని సెక్రటరీ గారు కొట్టి పంపేసరికి, పైన "టైలరమ్మ సుత్తితో గోడ కొడుతోందట, నిజమా?" అని లెక్చరరు గారి ప్రశ్న వచ్చి కూర్చుంది. జవాబు వెళ్ళి దాని కింద పడింది. ఆయన కంగారుగా "కాదు కాదు" అని కొట్టారు. అది వెళ్ళి "అయినా ఆవిణ్ణి ఉండనిద్దామా?" అన్నదాని కింద పడింది.

ఇంకేముంది! గది ఖాళీ చేయించాలని తీర్మానం. సరేనంటూ గ్రూపులో బొటనవేళ్ళు వరసగా లేచాయి.

టైలరమ్మ ఏడుస్తూ వచ్చింది. "నేను సుత్తి పట్టుకోవడం మీరు చూశారా బాబాయ్ గారూ? ఆ గది పోతే మిషను ఎక్కడ పెట్టుకోను? నా బతుకే అది!"

"అయ్యో తల్లీ, నేను జవాబిచ్చింది దానికి కాదు. పద, అసలు పగులు ఎందుకొచ్చిందో చూద్దాం."

ఆయన గదిలో వెల్లకిలా పడుకుని మిషను కిందికి దూరారు. కాళ్ళు మాత్రం బయట. టైలరమ్మ పక్కన కూర్చుని ముక్కు చీదుతోంది. అప్పుడే మెట్లు దిగుతున్న లాయరు గారి భార్య, "అయ్యయ్యో!" అని ఆ దృశ్యం ఫొటో తీసి, గ్రూపులో పెట్టి, వచ్చిన దారినే పైకి పరుగెత్తింది. దగ్గరికొచ్చి చూడొచ్చు. కానీ ఆలస్యమైపోదూ!

టైలరమ్మ ఫోను టింగుటింగుమంది. "నిన్ననేగా నవ్వుతూ పలకరించారు, అప్పుడే పోయారా!" "గోడ బాగోగులు చూస్తూనే కన్నుమూశారు, మహానుభావుడు!" ఆమె చదువుతుంటే సెక్రటరీ గారు మిషను కిందే గుడ్లప్పగించారు.

"ఎవరమ్మా పోయింది?"

"మీరే బాబాయ్ గారూ."

అంతలో లాయరు గారి మాట వచ్చింది: "ఆయన ఆత్మశాంతి కోసం ఆ గది టైలరమ్మకే ఉంచేద్దాం. గోడ మనమే బాగుచేయిద్దాం." మళ్ళీ బొటనవేళ్ళు లేవడం మొదలైంది.

సెక్రటరీ గారు గబగబా బయటికొచ్చి "నేను బ" దాకా కొట్టారు. టైలరమ్మ గభాల్న ఆయన వేలు పట్టుకుంది. "ఆగండి! ఇంకా సగం మంది ఒప్పుకోవాలి!"

పై నుంచి భార్య కేకేసింది. "ఏవండీ, మీరు పోయారటగా, కాఫీ కలపనా వద్దా?"

"కలుపు. గట్టిగా అరవకు!" అని ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

ఆ గ్రూపులో కాస్త ఆలోచించి మాట్లాడదామని ఆగిన మొదటి మనిషి, పాపం, ఆ పోయినాయనే.