న్యాయశాస్త్రం చదివిన ముళ్ళపంది

ఒక పెద్ద అడవిలో చెట్లకంటే కేసులు ఎక్కువ. కేసులున్నాయి కాబట్టి కొండ కింద గుహలో జైలు కూడా పెట్టారు. దాని సూపరింటెండెంటు మయూరనాథం అనే నెమలి. పనిలో వెనకా, ఫోటోలో ముందూ ఉండే రకం.

ఆ ఏడు సింహం మహారాజు ఆదర్శ జైలుకు షీల్డు ఇస్తానని ప్రకటించాడు. అప్పట్నించీ మయూరనాథానికి తిండి సయించలేదు. ఖైదీలను ఆన్‌లైన్ దూరవిద్యలో చేర్పించాలని గుహలో తెర పెట్టించాడు.

"ఏ కోర్సండీ?" అని అడిగింది గుమాస్తా తొండ.

"న్యాయశాస్త్రం పెట్టు. అదైతే ఎవరికీ అర్థం కాదు, మనకు గొడవుండదు."

తొండ తలాడించింది. దాని ఉద్యోగమే అది.

రోజూ తెరమీద చిలక మేడమ్ పాఠం చెప్పేది. "నా మాట వినబడుతోందా?" అని అడగడంతోనే సగం క్లాసు అయిపోయేది. ఎలుగుబంటి నిద్రపోవడానికి వచ్చేది. పరీక్ష పాసైతే పడబోయే శిక్ష తగ్గుతుందని కుందేలు వచ్చేది. చెవులు రిక్కించి విన్నవాడు పోచాలు అనే ముళ్ళపంది ఒక్కడే.

రాజుగారి తోటలో ఎవరో చిలగడదుంపలు తవ్వుకుపోతే, అక్కడ ముల్లు దొరికిందని పోచాలును పట్టుకొచ్చారు. విచారణ ఇంకా మొదలవలేదు. సాక్షి తాబేలు దారిలో ఉందట. ఇంటి దగ్గర వదిలొచ్చిన పసికూన తను లేకుండానే పెరిగిపోతోందని పోచాలు దిగులు.

"ఎందుకురా అంత ఇదిగా చదువుతావు?" అంది ఎలుగుబంటి ఆవులిస్తూ.

"నన్నెందుకు ఉంచారో ఎవర్నడిగినా చెప్పట్లేదన్నా. పాఠంలోనైనా వస్తుందేమోనని."

రాజుగారు తనిఖీకి వస్తున్నారనగానే మయూరనాథం పోచాలును పిలిపించాడు.

"చదువు నన్ను మార్చేసింది ప్రభూ, ఇక తప్పు చెయ్యను. ఇంతే చెప్పు. కాస్త కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మరీ మంచిది."

"నేను తప్పు చేసినట్టు ఇంకా తేలలేదు కదండీ?"

"అవన్నీ సిలబస్‌లో లేవు. చెప్పమన్నది చెప్పు."

సిలబస్‌లో ఉన్నవే అవి. మయూరనాథం ఒక్క పాఠమూ వినలేదు, అంతే.

సభ నిండుగా ఉంది. పత్రికల కాకులు ముందు వరసలో కూర్చున్నాయి. "ఏం నేర్చుకున్నావు?" అన్నాడు రాజు.  నేర్పించిన మాట పోచాలు నాలుకదాకా వచ్చింది. కూన గుర్తొచ్చి ఆగిపోయింది.

"ప్రభూ, దుంపల దొంగతనానికి మీ చట్టంలో పెద్ద శిక్షే ఒక్క వానాకాలం. విచారణైనా లేకుండా నేను ఎన్ని వానలు చూశానో నాకే గుర్తులేదు. దొంగనని తేలినా బాగుండేది. ఈపాటికి ఇంట్లో ఉండేవాణ్ణి."

"నిజమేనా?" అని రాజు తొండవైపు చూశాడు. తొండ అలవాటుకొద్దీ తలాడించింది.

కాకులు వింటున్నాయి కాబట్టి రాజుకు న్యాయం గుర్తొచ్చింది. ఇలాంటి విచారణ ఖైదీలందరినీ వదిలెయ్యమన్నాడు. లెక్క తీస్తే అందరూ అలాంటివాళ్ళే. సాయంత్రానికి గుహ ఖాళీ అయింది. ఎలుగుబంటిని మాత్రం లేపి పంపించాల్సి వచ్చింది.

షీల్డు మయూరనాథానికే ఇచ్చారు. ఖైదీలు లేని జైలుకు సూపరింటెండెంటు దేనికని ఆయన్ను గబ్బిలాల గుహకు బదిలీ చేశారు. ఆ చీకట్లో పురి విప్పినా చూసే దిక్కులేదు.

పోచాలు పరుగున ఇంటికి చేరాడు. గుమ్మంలో ఎదిగిన ముళ్ళపంది ఒకటి ముళ్ళు నిక్కబొడుచుకుని నిలబడింది.

"ఎవరండీ మీరు?" అని అడిగింది.

 ఆ ప్రశ్నకు జవాబు చిలక మేడమ్ చెప్పలేదు. గుమ్మం బయటే కూర్చుని, తను ఎవరో మొదట్నించీ చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

నీతి: విద్య విముక్తినిస్తుంది, కాబట్టి జైలరన్నవాడు సిలబస్ ముందే చూసుకోవాలి.