తేజ గారు రావాలి

సంస్థల్లో సమాచార సాంకేతికతను నిర్వహించడం నేర్చుకోవడానికి మానవజాతి కనిపెట్టిన మార్గాలన్నింటిలోకీ గొప్పది కేస్ స్టడీ. ఇందులో ఒకడు ఇబ్బంది పడతాడు, అరవై మంది నేర్చుకుంటారు.

గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీ ఈ మధ్యే కంప్యూటరైజ్ అయింది. వినుకొండ వైపు నుంచి యలమంద అనే రైతు మిరపకాయలు తెస్తే, ఆపరేటరు తెర మీది మొదటి గడి చూసి పేరేంటని అడిగాడు. బస్తాల పక్కన నిలబడ్డ మనిషిని పేరు అడిగితే ఈ ప్రాంతంలో ఎవరైనా కాయ రకం పేరే చెబుతారు. యలమంద ‘తేజ’ అన్నాడు. ఆ క్షణం నుంచి నలభై బస్తాలూ తేజ గారివి.

రేటు పెరిగింది కదా అని యలమంద కాయల కోసం వస్తే, ఇరవై ఏళ్లుగా అతన్ని ఎరిగిన మేనేజరు ఖాదర్ వలి తల అడ్డంగా ఊపాడు.

“నువ్వు నాకు తెలుసు యలమందా. సిస్టమ్‌కి తెలీదు. తేజ గారిని తీసుకురా.”

“ఆయన లోపలే ఉన్నారండి, మీ ఏసీలో. నలభై బస్తాల్లో తొక్కించి తెచ్చా.”

ఈ సమాధానం సిస్టమ్ అంగీకరించే రకం కాదు. ఫిర్యాదు పైకి వెళ్లి, అక్కడి నుంచి పక్కకి జరిగి, ఒక మేనేజ్‌మెంట్ కాలేజీలో త్రినాథ్ గారి క్లాసులో దిగింది. ఆయన ముచ్చటపడి దాన్ని కేస్ స్టడీ చేశారు. సెమిస్టర్ అయ్యేవరకు సమస్యను పరిష్కరించరాదని నిబంధన (పరిష్కరిస్తే పిల్లలకి పాఠం పోతుంది). ఖాదర్ వలి కూడా సంతోషించి, ‘ఈ సరుకు బోధనలో ఉంది, కదిలించరాదు’ అని బోర్డు తగిలించాడు.

యలమందను క్లాసుకి పిలిచి శాలువా కప్పారు. మీరు మార్పును ఎందుకు వ్యతిరేకిస్తున్నారండీ అని భవ్య అనే విద్యార్థిని వినయంగా అడిగింది.

“వ్యతిరేకించట్లేదమ్మా. రేటు ఉండగానే కాయలిస్తే అమ్ముకుంటా.”

క్లాసంతా దాన్ని ‘వినియోగదారుడి ప్రతిఘటన, తొలి దశ’ అని రాసుకుంది. యలమందకి ఒళ్లు మండింది. అది మలి దశ.

సెమిస్టర్ ముగిసి కేస్ స్టడీ అచ్చయింది. గోప్యత నియమం ప్రకారం రైతు అసలు పేరు తీసేసి, ‘తేజ’ అని వేశారు (ఫొటో మార్చాలని నియమం లేదు). యలమంద ఆ పుస్తకం పట్టుకుని తిన్నగా కోల్డ్ స్టోరేజీకి వెళ్లాడు. ఖాదర్ వలి ఫొటో చూశాడు, మనిషిని చూశాడు, కుర్చీలోంచి లేచాడు.

“ఈ ముక్క మొదటే చెప్పొద్దా అండీ, తేజ గారూ. కూర్చోండి.”

బస్తాలు బయటికొచ్చాయి. అప్పటికి రేటు సగానికి పడిపోయింది. కేస్ స్టడీ అచ్చయినందుకు కాలేజీలో పెట్టిన విజయోత్సవ సభలో యలమంద లేచి ఆ సంగతి చెప్పబోయాడు. త్రినాథ్ గారు అతని భుజం మీద చెయ్యి వేసి మర్యాదగా కూర్చోబెట్టారు. రేట్లు మార్కెటింగ్ వాళ్ల సబ్జెక్టట. అది వచ్చే సెమిస్టర్‌లో ఉందట, శాలువా మళ్లీ కప్పుతారట.