మెట్టుకో అక్షరం

ఆ రోజు పదింటికి టైపిస్టుకు ఇటాలియన్ మౌఖిక పరీక్ష. ఆఫీసులో ఇటాలియన్ ఉత్తరాలు అనువదించే సీటు ఖాళీ అయింది. పాసైతే ఆ సీటు ఆమెది, తప్పితే మళ్ళీ టైపు మిషనే. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఆమెను ముంచింది క్రియాపదాల్ని అక్షరాలుగా విడగొట్టే ప్రశ్నే. 'పర్లెరెబ్బెరొ'లో ధాతువు 'పర్ల్' అని పుస్తకం చెబుతుంది. తీరా విడగొడితే 'పర్' ఒక్కటే మిగిలి, ఆ 'ల్' కాస్తా పక్కదాని పంచన చేరుతుంది. ఇంత నిలకడలేని ధాతువును నమ్ముకుని ఎవరైనా ఎలా పాసవుతారు?

ఈసారి మాత్రం ఆమె పట్టు పట్టింది. తనది రెండో అంతస్తు. వారం రోజులుగా తెల్లవారకముందే లేచి, మెట్టుకో అక్షరం చొప్పున వల్లిస్తూ ఎక్కి దిగుతోంది. ఊనిక పడే అక్షరం దగ్గర కాలు గట్టిగా కొడుతుంది. పర్, లె, రెబ్, ధన్! బె, రొ.

ఆ చప్పుడుకు అత్తగారి గుండె జారింది. కోడలు ఊరికే కాలు కొట్టే మనిషి కాదు. మెట్టు వదులైందేమో చూస్తోందని నిశ్చయించుకుని, పరీక్ష రోజు పొద్దున్నే మేస్త్రీని పిలిపించారు. పిల్ల జారిపడితే పరీక్ష గతేం కాను!

మేస్త్రీ వచ్చేసరికి టైపిస్టు కళ్ళు మూసుకుని వల్లిస్తోంది.

"కాలు కొడుతున్నది ఏ మెట్టు మీదండీ అమ్మగారూ?"

"పర్లెరెబ్బెరొకి మూడోది," అంది ఆమె కళ్ళు తెరవకుండానే. "కొన్నిటికి రెండోది. ఒక్కోదానికి చిట్టచివరిది. ఇదీ అని చెప్పలేం."

మేస్త్రీ తల పంకించాడు. "అయితే అన్నీ తీయాల్సిందే."

ఆమె తయారై బయటికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. కిందికి దిగే మెట్లు అప్పటికే ఐదు లేవు.

"ఇదేంటి! నేనెలా దిగేది?"

"సాయంత్రానికి కట్టేస్తానమ్మా. రేపటికి ఆరిపోద్ది."

"నీకోసమే పిలిపించానే తల్లీ," అన్నారు అత్తగారు బిక్కమొహంతో.

టైపిస్టుకు ఏడుపొచ్చింది. కానీ కూర్చుని ఏడవడానికి టైము లేదు. లోపలికెళ్ళి రెండు దుప్పట్లు తెచ్చి ముడివేయడం మొదలుపెట్టింది. అత్తగారు జబ్బ పట్టుకుని ఆపుతూనే ఉన్నారు.

అంతలో పై అంతస్తులో కొత్తగా దిగిన పెద్దమనిషి, చంకలో ఫైలుతో వచ్చి, ఆ గొయ్యి చూసి కొయ్యబారిపోయారు.

"అయ్యో, పదింటికి నాకు ఇటాలియన్ పరీక్ష ఉంది!"

"మీకూనా?" అంది టైపిస్టు జాలిగా. "ఎన్నోసారి సార్?"

"నేను పెట్టేవాణ్ణమ్మా."

దుప్పటి ఆమె చేతిలోంచి జారింది. "అయితే ఇక్కడే పెట్టండి సార్. మీరూ వెళ్ళలేరు, నేనూ వెళ్ళలేను."

ఆయన నసిగారు. వెనక్కి పోనివ్వకుండా ఆమె అడ్డంగా నిలబడింది. చివరికి, "సరే, 'ఫినిస్కొనొ' విడగొట్టండి," అన్నారు. ఆమె పైకి వెళ్ళే మెట్లవైపు తిరిగింది. ఫి, ని, ధన్! స్కొ, నొ. ఆగకుండా పన్నెండు క్రియలు ఎక్కి దిగింది. ఒక్కటీ తప్పు పోలేదు.

ఆయన గోడకు చేరగిలబడ్డారు. "వారం రోజులుగా తెల్లారకముందే... ఆ చప్పుడు మీదేనా?"

"నాదే సార్."

మార్కుల కాగితాలు పరీక్ష హాల్లో ఉండిపోయాయి. ఆయన నిట్టూర్చి, ఫైల్లో ఉన్న ఒకే ఒక్క కాగితాన్ని వెనక్కి తిప్పి, 'పాస్' అని రాసి సంతకం పెట్టారు. ముందువైపు, నిద్ర చెడగొడుతున్న ఆ మనిషెవరో కనిపెట్టి వెంటనే ఖాళీ చేయించమని ఇంటి ఓనరుకు ఆయనే రాసిన అర్జీ ఉంది.

ఇప్పుడు ఆ సీటు ఆమెదే. కాగితాన్ని ఫ్రేము కట్టించి, వెనక్కి తిప్పే వీల్లేకుండా గోడకు నాలుగు వైపులా మేకులు కొట్టించింది.