హద్దురాళ్లు పాతిన పాట

మేడ్చల్ కృపా మందిర సంఘస్థులందరికీ తెలియజేయునది ఏమనగా, మన సంఘ పెద్ద ఇస్సాకు గారు రాసి, బాణీ కట్టిన పాట ఈ ఆదివారం నుంచి సంపూర్ణ డిజిటల్ భద్రతలోకి వచ్చినది. కావున ఇకమీదట దానిని ఎవరూ పాడరాదు.

పాస్టరు జాషువా గారు ఈ ప్రకటన చదవగానే మందిరమంతా చప్పట్లతో మోగిపోయింది. ఇస్సాకు కూడా కొట్టాడు. సన్మానం జరిగింది తన పాటకే కదా అని అందరికంటే రెండు చప్పట్లు ఎక్కువే కొట్టాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతున్నప్పుడు గాని ప్రకటనలోని రెండో వాక్యం ఆయన బుర్రకెక్కలేదు.

ఇస్సాకుకు అరవై రెండేళ్లు. సూరారంలో సీసాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి, మేడ్చల్లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. జీవితంలో ఆయన చేసిన పాట ఒక్కటే. ఇరవై ఎనిమిదేళ్ల కిందట భార్య సాయమ్మ టైఫాయిడుతో దవాఖానలో పడి ఉంటే, మంచం పక్కన కూర్చుని, 'నిన్నటి దాక నడిపిన తండ్రీ, రేపటి గడప దాటించయ్యా' అని అందుకున్నాడు. ఆ పాటకే సాయమ్మ లేచి కూర్చుందని ఇస్సాకు అంటాడు. ఆపమని చెప్పడానికి లేచానని సాయమ్మ అంటుంది. లేచిన మాట మాత్రం నిజం.

ఈ ఏడు మళ్లీ సాయమ్మ గుండెకు ఆపరేషన్ పడింది. లోపలికి తీసుకుపోయే ముందు ఆమె మొగుడి చెయ్యి పట్టుకుంది.

"నేను బతికి బయటికొస్తే కృతజ్ఞత కూడిక పెట్టాలె. గా పాట సంఘమంత పాడాలె. నువ్వొక్కనివి పాడకు, మళ్ల దవాఖాన్ల పడుత."

"పాడిపిస్త సాయమ్మా. మాటంటే మాట," అన్నాడు ఇస్సాకు. ఆమె బతికింది. కూడికకు తేదీ కూడా పెట్టారు. ఇంకా ఆరు వారాలుంది. సరిగ్గా ఇలాంటి శుభ సమయంలోనే పాటకు భద్రత వచ్చిపడింది.

దీన్ని తెచ్చిన పుణ్యం కొడుకు జోయెల్‌ది. జోయెల్ శామీర్‌పేట దగ్గర ఒక పెద్ద గోదాములో సూపర్‌వైజరు. అక్కడ సబ్బుపెట్టె మొదలు సోఫాసెట్టు దాకా అన్నిటికీ బార్‌కోడు ఉంటుంది. బార్‌కోడు లేని వస్తువు లోకంలో లేనట్టే లెక్క. అలాంటి మనిషి ఒకనాడు గండిమైసమ్మ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఆగి ఉండగా, పక్కనే పోతున్న పెళ్లి బరాత్‌లో బ్యాండువాళ్లు తన తండ్రి పాటను తీన్మార్ దెబ్బతో వాయిస్తున్నారు. పెళ్లికొడుకు గుర్రం కూడా దానికే కాలు కదుపుతోంది. ఆ వారమే శామీర్‌పేటలో ఇంకో సంఘం వాళ్లు 'గడప' తీసేసి 'గేటు' పెట్టి పాడారని తెలిసింది. మరునాడు పచ్చళ్ల ప్రకటన ఒకదాని వెనక నుంచి అదే బాణీ వినిపించింది.

"బాపూ, నీ పాటను కబ్జా పెడుతుండ్రు. నువ్వు సూస్తనే ఉన్నవ్!"

"పాడుకోనియ్యి బిడ్డా. పాడితే పాటేమన్న అరిగిపోతదా?"

"గిట్లనే అనుకుంట అనుకుంట మన తాత చెర్వు కింద ఎకరం పోగొట్టిండు."

మేడ్చల్ మండలంలో ఈ మాటకు జవాబు చెప్పగలిగిన మగవాడు ఇంకా పుట్టలేదు. ఇక్కడ ఎవరి తాతను కదిలించినా ఎకరానికి తక్కువ పోగొట్టుకున్నవాడు దొరకడు.

అలా తండ్రీకొడుకులు సుచిత్రలో, టిఫిన్ సెంటరు పైన ఉన్న 'స్వరరక్ష' ఆఫీసు మెట్లెక్కారు. దాని యజమాని మధుసూదన్ గారు దొడ్డ మనిషి. శామీర్‌పేట చుట్టుపక్కల తాతలనాటి భూమినంతా ప్లాట్లు కొట్టి అమ్మేసి, అమ్మడానికి ఏమీ మిగలక కొన్నాళ్లు దిగాలు పడ్డాడు. ఆ దిగులులోంచే ఈ ఆలోచన పుట్టింది.

"భూమి అయిపోయింది ఇస్సాకన్నా. ఇగ గాలే మిగిలింది," అన్నాడాయన, ఏసీ కాస్త పెంచి. "గాలిల ఏమున్నయ్? పాటలున్నయ్. ఒక్కదానికన్న కాంపౌండు వాల్ ఉన్నదా?"

లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు.

వెంటనే పాట సర్వే మొదలైంది. పొడవు నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. తూర్పున డోలక్ దరువు, పడమర ఆమెన్, ఉత్తరాన మగవాళ్ల గొంతు, దక్షిణాన ఆడవాళ్ల గొంతు. రెండో చరణానికి తొవ్వ సరిగ్గా లేదని, పల్లవి మీదుగా పోవాల్సి వస్తోందని మధుసూదన్ గారు విచారం వెలిబుచ్చారు. తరువాత లింకు డాక్యుమెంట్లు అడిగారు. ఈ పాట మీకు ఎవరి నుంచి సంక్రమించింది?

"దేవుడిచ్చిండు సార్," అన్నాడు ఇస్సాకు.

"ఇచ్చినట్టు కాయితమున్నదా?"

ఇస్సాకు నిజం చెప్పేశాడు. మాటలు తనవే గాని, బాణీలో సగం వాళ్ల అవ్వ నాట్లేసేటప్పుడు పాడుకునేదట. అవ్వ ఎవరి దగ్గర నేర్చుకుందో అవ్వకే తెలియదట.

మధుసూదన్ గారు లేచి వెళ్లి తలుపు వేసి వచ్చారు. "గీ మాట బయట అనకన్నా. అందరిదీ అని తేలితే అసైన్డు భూమి లెక్కనే. అమ్మరాదు, కొనరాదు."

అవ్వను ఫైల్లోంచి తీసేశారు. ఫైలు కడిగిన ముత్యంలా తయారైంది. చివర్లో ఒక ఫారం మిగిలితే జోయెల్ తానే నింపాడు. 'ఏయే ప్రాంతాలు?' అని అందులో ఒక గడి ఉంది. మన పాటకు గోడ కట్టాల్సింది మన ఊళ్లలోనే కదా అని మేడ్చల్, శామీర్‌పేట, సూరారం, గండిమైసమ్మ, సుచిత్ర అని ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, కింద తండ్రి చేత సంతకం పెట్టించాడు.

రక్షణ ప్రారంభోత్సవానికి మధుసూదన్ గారే మందిరానికి వేంచేశారు. ఆంప్లిఫయరుకు అరచేతంత పెట్టె ఒకటి బిగించారు. పేరు 'కావలి'. పాట ఎక్కడ వినబడినా గుర్తుపట్టి మైకు నోరు నొక్కేయడం దాని ఉద్యోగం. పెట్టె పక్కన నిలబడి ఆయన చేసిన ప్రసంగం మేడ్చల్ చరిత్రలో నిలిచిపోదగినది.

"మన తాతలు కాయితాలు లేక భూములు పోగొట్టుకున్నరు. మనం పాటలు పోగొట్టుకుంటున్నం. రేపు మీ దగ్గు, మీ తుమ్ము, మీ ఆవులింత కూడ ఎవడో రిజిస్టర్ చేసుకుంటడు. మేలుకోండి!"

రెండో వరసలో ఆవులించబోతున్న పెద్దాయన ఒకరు ఠక్కున నోరు మూసుకుని అటూ ఇటూ చూశారు.

పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందట. కావలి మొదటి వారం ఇస్సాకు పాటనే ఆపింది. రెండో వారం ఆ పాటకు మేనత్త కూతుళ్ల వరసయ్యే పాటలన్నిటినీ ఆపింది. మూడో వారం జాషువా గారు ప్రసంగంలో అలవాటు ప్రకారం రాగం తీయబోతే ఆ రాగాన్నీ ఆపింది. పావుగంట సేపు పాస్టరు గారి చేతులూ కనుబొమ్మలూ మాత్రమే వాక్యం బోధించాయి. ఈ మధ్యకాలంలో ఇంతగా హృదయానికి హత్తుకున్న ప్రసంగం వినలేదని సంఘస్థులు ఆయన చేతులు పట్టుకుని చెప్పారు. చెత్త బండి మందిరం ముందుకొచ్చి పాటేసుకుంటే లోపల మైకులు వాటంతటవే ఆగిపోయేవి. ఆ కాసేపు అందరూ కళ్లు మూసుకుని మౌన ప్రార్థనలో ఉండాలని పెద్దలు తీర్మానం చేశారు. చెత్త బండి రాని ఆదివారం ఏదో లోటుగా కూడా అనిపించసాగింది.

సంఘస్థుల ఫోన్లలోకి కావలి యాప్ కూడా దిగింది. ఒక ఉదయం సాయమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూనిరాగం అందుకుంది. పక్కనున్న ఫోను కెవ్వుమంది. 'మీరు అనధికార గానానికి పాల్పడ్డారు. ఇది మీకు మొదటి హెచ్చరిక' అని ఎర్రక్షరాల్లో వచ్చింది.

"నా కోసం కట్టిన పాట నేను పాడితే ఫోనుకేం నొప్పి?" అంది సాయమ్మ. ఫోను రెండో హెచ్చరిక పంపింది.

ఇస్సాకు సుచిత్రకు పరుగెత్తాడు. పాటగాడు పాడుకోవడానికి మినహాయింపు ఉందట. ఒక అద్దాల గదిలో నిలబెట్టి పాడించారు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట సంఘం రికార్డు చేయించిన క్యాసెట్ గొంతుతో యంత్రం పోల్చి చూసింది. క్యాసెట్లో ఉన్నది ముప్పై నాలుగేళ్ల ఇస్సాకు, అన్ని పళ్లూ ఉన్న ఇస్సాకు. 'ఈ వ్యక్తి ఇస్సాకును అనుకరించుటకు ప్రయత్నిస్తున్నాడు. పోలిక నలభై ఒక్క శాతం. సాధన అవసరం' అని కాగితం వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఇస్సాకు టిఫిన్ సెంటరు ముందు నిలబడి పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కూడికకు రెండు వారాలే ఉంది. బతికొచ్చిన మనిషికి ఇచ్చిన మాట ఏమైపోతుందోనని ఆయనకు నిజంగానే భయం వేసింది.

అప్పుడే జోయెల్ ఇంకో సంగతి కనిపెట్టాడు. స్వరరక్ష వాళ్లు నెట్‌లో పెట్టిన పాట లోకమంతా మస్తుగా మోగుతోంది. ఐస్‌లాండులో వింటున్నారు, బ్రెజిల్‌లో వింటున్నారు. అందరూ తెలుగు రానివాళ్లే కాబట్టి తప్పులు పట్టేవాళ్లు కూడా లేరు. ఒక్క మేడ్చల్‌లో నొక్కితే మాత్రం 'ఈ పాట మీ ప్రాంతంలో లభించదు' అని వస్తోంది. ఫారంలోని ఆ గడి అర్థం, పాటను ఏయే ప్రాంతాల్లో ఆపాలి అని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇస్సాకు పాట రచ్చంతా గెలిచి, తన ఇంటి గడప బయటే నిలబడింది.

"పొరపాటైంది బాపూ," అన్నాడు జోయెల్, తల దించుకుని. "గోడ దొంగలకు గాదు, మనకే కట్టినట్టున్న."

సరిచేయమని అర్జీ పెట్టారు. నలభై అయిదు పనిదినాల్లో పరిశీలిస్తామని జవాబొచ్చింది. మధుసూదన్ గారు ఫోనెత్తలేదు. ఆయన వాసనలకు హద్దులు వేసే కొత్త వెంచరులో తలమునకలై ఉన్నారని, ఇరానీ చాయ్ వాసన మొదటి ఫేజులోనే బుక్కయిపోయిందని వాళ్ల ఆఫీసులో గర్వంగా చెప్పారు.

కూడిక రోజు రానే వచ్చింది. మందిరం కిటకిటలాడింది. సాయమ్మ గంధం రంగు చీర కట్టుకుని ముందు వరసలో కుర్చీలో కూర్చుంది. జాషువా గారు పాట ప్రకటించగానే గోడ మీద తెర వెలిగింది. మూడేళ్లుగా పాటలన్నీ ఆ తెర మీదే వస్తున్నాయి. పుస్తకాలు ఎప్పుడో పాతసామాన్ల బండికి పోయాయి. తెర మీద పెద్దక్షరాలతో 'ఈ పాట మీ ప్రాంతంలో లభించదు' అని పడింది. ముందు బల్లల మీద కూర్చున్న కొందరు అలవాటు కొద్దీ దాన్నే రాగం తీసి పాడారు.

ఇస్సాకు ఇక ఆగలేకపోయాడు. వేదిక మెట్లు దిగి వచ్చి, ఆంప్లిఫయరు తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. మైకులు పోయాయి, కావలి పోయింది, తెర పోయింది, ఫ్యాన్లు కూడా పోయాయి.

"పెట్టె సచ్చింది. ఇగ భయం లేదు. అందరు పాడుండ్రి!" అని అరిచి, తానే అందుకున్నాడు.

నలభై ఒక్క శాతం గొంతుతో అందుకున్నాడు. సాయమ్మ లేచి నిలబడి శ్రుతి కలిపింది. రెండొందల నలభై మంది ఒక్కసారిగా లేచారు. ఇస్సాకు గుండె పొంగిపోయింది. ఇచ్చిన మాట నెరవేరబోతోందని ఆయన గొంతు ఇంకాస్త పెంచాడు. లేచిన రెండొందల నలభై మందీ ఒక్కసారిగా ఫోన్లలో కావలి యాప్ ఆపి, వాటిని పైకెత్తి రికార్డు చేయడం మొదలుపెట్టారు.

పల్లవి అయింది. ఇంకొక్క గొంతూ కలవలేదు. మొదటి చరణం అయింది. వెనక వరసవాళ్లు, ముందున్నవాళ్లను కాస్త తలలు వంచమని సైగలు చేశారు. జోయెల్ ఒక్కడే ఫోను జేబులో పెట్టి నోరు తెరిచాడు, గాని రెండు మాటలు దాటి వాడికీ రాలేదు. సాయమ్మ పాట ఆపేసింది. ముందు వరసలో, చిన్నప్పటి నుంచి తన ఒళ్లో కూర్చుని పాటలు నేర్చుకున్న ఝాన్సీ వైపు తిరిగింది.

"ఏమే, నువ్వన్న పాడవేందే? నీకు రాదా?"

"వచ్చు పెద్దమ్మా, ఎందుకు రాదు," అంది ఝాన్సీ, ఫోను కదలనీయకుండా. "నా ఫోన్ల ఉన్నది గదా."

సాయమ్మ మొగుడి మొహం చూసింది. మాట తప్పినవాడిలా నిలబడ్డ ఆ మొహం చూసి ఆమెకు కోపం రాలేదు, జాలీ రాలేదు, పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. కుట్లు లాగుతున్నాయని గుండె పట్టుకుని మరీ నవ్వింది. ఆ తరువాత ఇద్దరూ కలిసి మూడు చరణాలూ పాడి ముగించారు.

"గా బ్యాండోళ్లను పిలిచినా అయిపోయేది," అంది సాయమ్మ కూర్చుంటూ. "దొంగలే నయం. ఆళ్లకు పాటొచ్చు."

కార్యక్రమం దిగ్విజయంగా ముగిసిందని, వీడియో అన్ని కోణాల నుంచీ స్పష్టంగా వచ్చిందని సంఘం తీర్మానించింది. అది మీకూ వచ్చే ఉంటుంది. పదకొండు సెకన్లు చూసి, కళ్లు తుడుచుకునే బొమ్మ ఒకటి పెట్టి, నలుగురికి పంపే ఉంటారు. మేడ్చల్ వాళ్లను చూసి నవ్వుకునే ఉంటారు. నవ్వండి, తప్పులేదు. నవ్వడం అయ్యాక, ఫోను బోర్లా పెట్టి, మీకెంతో ఇష్టమైన పాట ఒకటి రెండో చరణం నుంచి అందుకోండి.