చప్పిడి కాపురం

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. ఆగిపోయిన గడియారం ఏదైనా ఆయన చేతిలో పడితే టిక్కుటిక్కుమనాల్సిందే. ఊళ్ళో గడియారాలన్నింటి చేతా మాట్లాడించే ఆ మనిషి ఇంటికొచ్చాక మాత్రం నోరు విప్పరు.

"కొట్లో బేరాలున్నాయా?" అంటాను.

"ఊఁ."

"అన్నం పెట్టమంటారా?"

"ఊఁ."

ఒకసారి "ఇల్లు తగలబడుతోందండీ" అని చూశాను. దానికీ ఊఁ అనే అన్నారు.

మాది మేడ మీద రెండు గదుల వాటా. పెళ్ళై ఈ ఊరొచ్చాక నాకు తెలిసిన మనుషులు ఇద్దరే. ఒకరు సందు చివర కిరాణా కొట్టాయన, ఇంకొకరు కింద వాటాలో టైలరు పిన్ని. పగలంతా పిన్ని మిషను చప్పుడు వింటూ పని చేసుకునేదాన్ని. ఆ మిషను ఆగిందంటే మా ఇల్లు కూడా బోసిపోయేది.

అలాంటి రోజుల్లో నా ఎడమ చేతికి దద్దుర్లొచ్చాయి. డాక్టరుగారు చూసి, "తిండిలో ఏదో పడటం లేదమ్మా. ప్యాకెట్ మసాలాలు వాడతావా? ఏమేం కలిపారో వెనక రాసి ఉంటుంది, చదివి చూసుకో" అన్నారు.

చదవడానికి అక్షరాలు కనబడితేగా! చీమలు బారులు తీరినట్టున్నాయి. సాయంత్రం ప్యాకెట్లన్నీ తెచ్చి మా ఆయన ముందు పోశాను. ఆయన కొట్లో వాడే భూతద్దం కంటికి బిగించుకుని, వంటింట్లో పీట వేసుకుని పైకి చదవడం మొదలుపెట్టారు.

"ధనియాలు, మిరప, ఉప్పు, చక్కెర, ఎండు ఉల్లిపాయ, సోయా పిండి..."

నేను గోక్కోవడం మానేసి విన్నాను. ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు పలకడం అదే మొదటిసారి. గొంతు బాగుంటుందని కూడా అప్పుడే తెలిసింది.

వారం తిరక్కుండా దద్దుర్లు మాయమయ్యాయి. ఆ మాట చెబితే భూతద్దం తిరిగి కొట్లోకి వెళ్ళిపోతుంది, "ఊఁ" ఇంటికొచ్చేస్తుంది. అందుకని చెప్పలేదు. పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుని, సాయంత్రమయ్యేసరికి కుడి మోచెయ్యి గోకడం మొదలుపెట్టేదాన్ని. ఆయన పీట వేసుకునేవారు.

చిక్కల్లా ఒకటే. చదివిన ప్రతి ప్యాకెట్ మీదా ఆయనకు అనుమానమే, కాబట్టి ఏదీ కూరలో వేయడానికి లేదు. మర్నాడు చదవడానికేమో కొత్తది కావాలి.

"హోటలు పెడుతున్నారామ్మా?" అన్నాడు కిరాణా కొట్టాయన.

కొట్టంతా మా వంటింట్లోకి వచ్చి చేరింది. కూరలో మాత్రం ఉప్పు తప్ప ఏమీ లేదు.

"కూర ఎలా ఉందండీ?"

"ఊఁ."

నేను చెప్పుకోవడానికి సిగ్గుపడే కూరని ఆయన మారు అడిగి మరీ తినేవారు.

నా నాలుక మాత్రం అంత మంచిది కాదు. ఓ మధ్యాహ్నం కింద వాటాకి దిగి, పిన్ని వేయించిన బంగాళాదుంప ముక్కల ముందు కూలబడ్డాను.

"మీ ఆయన చూస్తేనో?" అంది పిన్ని.

"కొట్టు వదిలి ఆయనెక్కడికొస్తారు పిన్నీ? ఆ మసాలా ప్యాకెట్ ఇటివ్వు."

ముక్కల మీద ఎర్రగా చల్లుకుని నోరు నింపుకున్నానో లేదో, గుమ్మంలో మా ఆయన! పిన్ని గోడ గడియారం బాగుచేసి ఇవ్వడానికి వచ్చారు.

మింగాలో ఉమ్మాలో తెలియలేదు. ఆయన ఒక్క అంగలో వచ్చి నా చేతిలో ప్యాకెట్ లాక్కున్నారు. జేబులోంచి భూతద్దం తీసి, నిలబడ్డచోటే మొదటినుంచి చివరిదాకా చదివారు. అప్పటికి గానీ ఊపిరి వదల్లేదు.

"సోయా లేదులే. తిను."

"సోయా ఏంటండీ?"

"నీకు పడనిది. నువ్వెప్పుడూ వాడే ప్యాకెట్లలో లేదు, మొదట చదివానే, కొత్తగా తెచ్చిన ఆ పొడిలోనే ఉంది. మొదటిరోజే పట్టుకెళ్ళి పారేశాను. వెళ్ళి అడిగితే డాక్టరుగారు కూడా అదే అయ్యుంటుందన్నారు."

"మరి ఇన్నాళ్ళూ నేను గోక్కుంటుంటే?"

"దద్దుర్లు ఎడమ చేతికి కదా వచ్చాయి. నువ్వు గోకేది కుడి చెయ్యి."

పిన్ని మిషను పట్టుకుని పడీ పడీ నవ్వింది. "వెంట్రుకంత స్ప్రింగులు చూసే కళ్ళే అవి! వాటి ముందా నీ నాటకాలు?"

మెట్లెక్కుతూ తల ఎత్తకుండానే అడిగాను. "తెలిసి కూడా రోజూ ఎందుకు చదివారు? ఆ చప్పిడి కూడు ఎందుకు తిన్నారు?"

ఆయన మెట్టు మీద ఆగిపోయారు. విప్పదీసిన గడియారంలో ఎక్కడ వేలు పెట్టాలో తెలియనట్టు నిలబడ్డారు.

"ఇంటికొస్తే ఏం మాట్లాడాలో నాకు తెలీదు. రాసి ఉంటే చదవగలను."

ఆ సాయంత్రం కూరలో అన్నీ పడ్డాయి. తినడం అయిపోయింది. కింద మిషను ఆగిపోయింది. ఆయన పీట మీద, నేను గడప మీద. చదవని ప్యాకెట్ కోసం అలమరంతా వెతికాను. ఒక్కటే దొరికింది, ఉప్పు.

తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. దాని వెనక, ఏమేం కలిపారో రాసే చోట ఉన్నది ఒకే ఒక్క మాట.

ఆయన భూతద్దం కంటికి బిగించుకుని, దాన్ని చాలాసేపు చదివారు.