సిద్ధప్పకు అప్పగించిన కోడి

ఆ ఉదయం రేవణసిద్ధప్ప అనుకున్నది ఒక్కటే, లింగపూజ చేసుకుని అల్లం చేనుకు నీళ్లు పెట్టి రావాలని. కానీ ఇంట్లో కోడి ఉందిగా! పక్కింటి నారమ్మ, కూతురి కాన్పుకని న్యాల్‌కల్ పోతూ తన పెట్టను ఈయనకు అప్పగించింది. "మీరు లింగాయతులు, కోడిని ముట్టరు. జహీరాబాద్‌ల ఇంతకన్న పైలమైన ఇల్లు యాడుందన్నా?" అంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కోడి ముఖం సరిగా చూడని మనిషి, ఇచ్చిన మాటకోసం పూటపూటకూ దానికి జొన్నలు వేసి నీళ్లు పెడుతున్నాడు. అలాంటి పొరుగు దొరకాలంటే పెట్టి పుట్టాలి!

పూజయ్యాక గంప ఎత్తి చూస్తే పెట్ట కదల్లేదు. ఈకలు ఉబ్బించుకుని, జొన్నలు ముట్టకుండా గుర్రుమంటోంది.

"బసమ్మా! టీవీల చెప్పిన బర్డ్ ఫ్లూ రోగమే!" అని కేకేశాడు.

భార్య బసమ్మ తలుపు సందులోంచి చూసి, "అయ్యో, మనుషులకు గూడ అంటుతదంట! నువ్వు ఇంట్లకు రాకు!" అని గడియ పెట్టేసింది.

ఆ కేక గోడ దాటింది. ఎదురింటి ప్రసాదరావు, కోస్తా నుంచి వచ్చిన ట్రాక్టర్ ఫ్యాక్టరీ ఇంజనీరు, పొయ్యి మీది చికెన్ కూరను గిన్నెతో సహా పారేశాడు. అది చూసి సందు చివర చికెన్ సెంటర్ షట్టర్ దిగింది. షట్టర్ చూసినవాళ్లు "సిద్ధప్పను దవాఖానల వేసిన్రంట" అన్నారు. సిద్ధప్ప తన అరుగు మీదే ఉన్నాడు, పాపం.

"పూడ్చిపెట్టు, పీడ పోతది" అని గోడ అవతలి నుంచి ఎవరో సలహా పడేశారు.

"మాటిచ్చిన. ప్రాణమున్న జీవిని ఎట్ల పూడుస్త?" అన్నాడు సిద్ధప్ప. తనే పశువుల దవాఖానకు ఫోన్ చేసి, సబ్బుతో చేతులు కడుక్కుని, దూరంగా కాపలా కూర్చున్నాడు. మెచ్చుకోవాలా వద్దా, మీరే చెప్పండి!

డాక్టర్ త్రివేణి తెల్ల సూటు, మాస్కు వేసుకుని దిగింది. సందంతా మిద్దెలెక్కింది. ఆమె పెట్టను పైకెత్తితే కింద గుడ్ల కుప్ప!

"ఒక్కసారన్న గుడ్లు తియ్యలేదా?"

"మేం ముట్టం గద మేడమ్."

"అందుకే పొదగనీకి కూసున్నది. రోగం గీగం ఏం లేదు."

మిద్దెలన్నీ పగలబడి నవ్వాయి. త్రివేణి మాస్కు దించి కసిరింది. "ఎందుకు నవ్వుతున్నరు? ఆ వైరస్ ఊకె ఉండదు. వలస పక్షుల నుంచి కోళ్లకు, కొన్ని దేశాలల్ల ఆవులకు, అప్పుడప్పుడు మనుషులకు... పోయిన కాడల్లా రూపు మార్చుకుంటది. ఈయన లెక్క జల్ది చెప్పెటోళ్లుంటెనే దాన్ని పట్టుకుంటం."

సిద్ధప్ప కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే ఆటోలో నారమ్మ దిగింది.

"అన్నా, మనుమడు పుట్టిండు! బాలింతకు పులుసు పెట్టాలె, కోడినియ్యి!"

సిద్ధప్ప గంప వైపు తిరిగాడు. పెట్ట గుడ్లను రెక్కల కిందికి లాక్కుంటోంది. ఇవ్వనంటే మాట తప్పినట్టు, ఇస్తే దాని ప్రాణం పోయినట్టు.

నారమ్మ తెల్ల సూటును చూసి ఆగిపోయింది. "ఏమైందన్నా? కోడికి మంచిగ లేదా?"

సిద్ధప్ప గట్టిగా దగ్గాడు. త్రివేణి ఆయన వంకా పెట్ట వంకా చూసి, మాస్కు మెల్లగా పైకి లాక్కుంది. నారమ్మ ఆటో మళ్లీ ఎక్కేసింది.

సిద్ధప్ప మాత్రం ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.