పెద్దమనుషుల ఐరన్ లోపం

సల్త్ పట్టణంలోని పెద్దమనుషులందరి రక్తంలోనూ ఏదో ఒక లోపం ఉన్నట్టు లిఖితపూర్వకంగా రుజువైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. వాళ్ళలో లోపాలున్నాయని భార్యలు అంతకుముందూ చెబుతూనే ఉండేవారు గానీ, ఆ మాటకు సంతకమూ ముద్రా ఉండేవి కావు.

ఈ ఘనతకు కారకుడు అబూ షాహెర్. అరవై ఎనిమిదేళ్ళవాడు, గొంతు మాత్రం ఇంకా ముప్పైల్లోనే ఉంది. పిల్లనడగడానికి జాహా కట్టి పెద్దమనుషులు బయల్దేరారంటే ముందు నడిచేది ఆయనే. ఇప్పటికి నూట పన్నెండు ఇళ్ళకు వెళ్ళాడు, ఒక్క ఇంటినుంచీ ఉత్త చేతులతో తిరిగి రాలేదు. ఆడపిల్లవారు కాఫీ కప్పు తెచ్చి ముందు పెడతారు. ఆయన ముట్టుకోడు, ఉపన్యాసం ఇస్తాడు. "మీ కాఫీ తాగండి, అడిగింది ఇచ్చాం" అని వాళ్ళు అన్నాక ఒక్క గుక్కలో తాగేస్తాడు. ఆ గుక్కతో సంబంధం ఖాయం. తాగకుండా లేచాడంటే అంతే సంగతులు, రెండు వంశాలూ మూడు తరాలదాకా మొహాలు చూసుకోవు.

నూట పదమూడోది సొంత తమ్ముడి కొడుకు ఘైస్‌ది. అమ్మాయి పేరు రహఫ్. సర్కిల్ దగ్గరి ప్రైవేటు ల్యాబులో రక్తం తీస్తుంది. ఆమెను చూడటం కోసం ఘైస్ మూడేళ్ళుగా నెలనెలా అక్కడికి వెళ్ళి చెయ్యి చాపుతున్నాడు. ముప్పై ఆరుసార్లు పరీక్ష చేసినా పాపం వాడిలో ఏ లోపమూ బయటపడలేదు.

కోడలు కాబోయే పిల్ల పనిచేసే చోటిని గౌరవించడం వంశ మర్యాద అని అబూ షాహెర్ తీర్మానించాడు. జాహాకు ఎంపికైన తక్కిన ఇరవై ముగ్గురినీ వెంటబెట్టుకొని ల్యాబుకు వెళ్ళి, గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"గౌరవనీయులైన ల్యాబు యాజమాన్యానికి, సిబ్బందికి! మా తాతలు ఈ నేల కోసం రక్తం చిందించారు. మేము వారి మనవలం. అదే రక్తాన్ని ఈనాడు మీ సీసాల్లోకి..."

"బాబాయ్ గారూ, ముందు చొక్కా చెయ్యి పైకి మడవండి," అంది రహఫ్. "పరగడుపునే వచ్చారు కదా? ఇలాగే నిలబడితే కళ్ళు తిరుగుతాయి."

మూడోరోజు ఫలితాలు వచ్చాయి. ఏడాదికి మూడువందల రోజులు ఎండ కాసే ఊళ్ళో ఇరవై నలుగురిలో ఇరవై ముగ్గురికి విటమిన్ డి తక్కువ. వారానికి రెండుసార్లు గొర్రెమాంసం లాగించే కడుపులకు ఐరన్ తక్కువ. అబూ నిమ్ర్ అనే ఆయనకు మాత్రం అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసిచ్చారు. ఆ అవమానం భరించలేక ఆయన రెండు రోజులు బయటికి రాలేదు. మళ్ళీ పరీక్ష చేయించుకొని, దేవుడి దయవల్ల ఐరన్ అంచులో ఉందనిపించుకొని, తలెత్తుకు తిరిగాడు.

కాఫీ దుకాణం దగ్గర పలకరింపులు మారిపోయాయి. "ఎంత?" అంటే ఎంత అని చెప్పుకునేవారు. ఎంత తక్కువైతే అంత గొప్ప. అబూ షాహెర్‌కు ఐరన్ నిల్వ ఆరు. వంశంలోనే అంత తక్కువ ఎవరికీ లేదు. జాహాలో ముందు నడిచే హక్కు ఇక కాగితంమీద కూడా ఖరారైనట్టే.

రహఫ్ అందరికీ మాత్రలు చెప్పి పంపింది. "సాయంత్రం ఐదింటికి వేసుకోండి. వేసుకున్నాక రెండు గంటలదాకా కాఫీ, టీ ముట్టుకోవద్దు. ముట్టుకున్నారా, మాత్ర వేసుకొని ప్రయోజనం సున్నా." అదే మాట కాగితం కింద ముద్ర వేసి మరీ ఇచ్చింది. ల్యాబువారు ఫోన్లకు రోజూ గుర్తుచేసే ఏర్పాటు కూడా చేశారు.

జాహా రోజు వచ్చింది. బస్సు రహఫ్ వాళ్ళ వీధి మలుపు తిరుగుతుండగా ఇరవై నాలుగు ఫోన్లు ఒక్కసారి మోగాయి. ఐదయింది. ఇరవై నలుగురు పెద్దమనుషులు ఒకే క్రమశిక్షణతో మాత్రలు మింగారు. వెనక సీట్లో కూర్చున్న ఘైస్ పెదనాన్నను చూసి ధైర్యం తెచ్చుకున్నాడు.

అబూ షాహెర్ ఆ రోజు ఇచ్చిన ఉపన్యాసం చరిత్రలో నిలిచిపోదగింది. ఆదం నుంచి మొదలుపెట్టి, రెండు వంశాల పూర్వీకులు కలిసి నీళ్ళు తాగిన బావిదాకా వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. చివరికి పెళ్ళికూతురి పెదనాన్న అబూ తైసీర్ లేచి, చేత్తో కప్పును చూపించి అన్నాడు: "మీ కాఫీ తాగండి. అడిగింది ఇచ్చాం."

అబూ షాహెర్ కప్పు ఎత్తాడు. పెదవిదాకా తెచ్చాడు. గోడ గడియారం ఆరూ పదిహేను చూపిస్తోంది. కప్పు కింద పెట్టేశాడు.

రహఫ్ తండ్రి మొహం పాలిపోయింది. ఘైస్ తలుపు పట్టుకు నిలబడ్డాడు.

"ఏంటండీ, ఇచ్చింది చాల్లేదా?" అన్నాడు అబూ తైసీర్, గొంతు పెంచి.

"అయ్యయ్యో, ఎంత మాట! మాత్ర వేసుకున్నాను. ఏడింటిదాకా కాఫీ పనికిరాదు."

"మీవాళ్ళలో ఇంకెవరైనా తాగొచ్చుగా!"

అబూ షాహెర్ కుడివైపు చూశాడు. అబూ నిమ్ర్ తల అడ్డంగా ఊపాడు, అందులో కొంచెం గర్వం కూడా ఉంది. వరస చివరిదాకా తలలు ఊగాయి. నేను తాగుతానంటూ ఘైస్ రెండడుగులు ముందుకు వేస్తే, పెళ్ళికొడుకు తాగితే చెల్లదని ఇరుపక్షాలూ ఏకగ్రీవంగా గద్దించాయి.

"సరే, ముప్పావుగంట ఆగుదాం," అన్నారెవరో.

"మా పిల్లనిచ్చిన మాట మీ ముందు ముప్పావుగంట చల్లారుతూ కూచోవాలా? ఊళ్ళో తలెత్తుకోగలమా?" అబూ తైసీర్ కళ్ళు ఎర్రబడ్డాయి. "అసలు మీకెంతుందేంటి?"

"ఆరు."

అబూ తైసీర్ కాస్త తగ్గాడు. "నాది తొమ్మిది. నేనూ ఐదింటికే వేసుకున్నాననుకోండి. అయినా మర్యాద మర్యాదే!"

లోపలి గదిలో ఆడవాళ్ళ మధ్య కూర్చున్న రహఫ్‌కు ఇదంతా వినబడుతూనే ఉంది. మూడేళ్ళు ఎదురుచూసిన పెళ్ళి తను చెప్పిన మాటవల్లే తలకిందులవుతోంది. ఇక ఆగలేక తలుపు దగ్గరికి వచ్చేసింది.

"బాబాయ్ గారూ, ఒక్క కప్పుకి ఏం కాదు! ఈ పూట మాత్ర పోతే పోయింది. తాగండి!"

అబూ షాహెర్ జాలిగా నవ్వాడు. "నువ్వు చిన్నపిల్లవి తల్లీ. నీకు తెలీదు. ల్యాబు రాసిచ్చింది."

"ఆ రాసింది నేనే!"

"కాగితంమీద ఉందమ్మా. నోటిమాటతో పోయేదా?"

రహఫ్ లోపలికి వెళ్ళి చేతిసంచి తెచ్చింది. ఆ రోజు కూడా సగంపూట పనిచేసి వచ్చింది కాబట్టి ముద్ర అందులోనే ఉంది. ఆయన జేబులోంచి కాగితం తీయించి, "ఈ సాయంత్రం ఒక కప్పు కాఫీకి అభ్యంతరం లేదు" అని రాసి, సంతకం చేసి, దబ్బున ముద్ర కొట్టింది.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివాడు. సంతకం చూశాడు, ముద్ర చూశాడు. ఒక్క గుక్కలో కప్పు ఖాళీ చేశాడు. లోపలినుంచి ఆడవాళ్ళ సంతోషపు కేకలు మిన్నంటాయి.

అప్పుడు మొదలైంది అసలు సంబరం. తక్కిన ఇరవై ముగ్గురూ కాగితాలు పట్టుకొని పెళ్ళికూతురి ముందు వరసలో నిలబడ్డారు. ఒకాయన కాఫీతోపాటు కునాఫా మిఠాయికి కూడా అనుమతి రాయమన్నాడు. ఇంకొకాయన సిగరెట్ గురించి చెవిలో అడిగి చీవాట్లు తిన్నాడు. అబూ తైసీర్ సొంత ఇంట్లో తన వంతు కోసం పదిహేనో స్థానంలో నిలబడ్డాడు. అందరికన్నా వెనక ఘైస్ తన ముప్పై ఆరో కాగితం చాపాడు.

"నీకేం లోపం లేదు, వెళ్ళి కూర్చో," అంది రహఫ్. నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇప్పుడు సల్త్‌లో ఏ జాహా బయల్దేరినా, ముందుగా ల్యాబుకు వెళ్ళి రహఫ్ సంతకం తీసుకోవడం ఆచారమైంది. సంతకం లేనిదే ఏ పెద్దమనిషీ కాఫీ తాగడు.

"పెదనాన్నా, ఎలాగూ సంతకాలు తీసుకుంటున్నాం కదా," అన్నాడట ఘైస్ ఒకరోజు, "ఇష్టమేనా అని పెళ్ళికూతురి సంతకం కూడా ముందే అడిగితే పోలా?"

"కాఫీ అంటే ఆరోగ్య విషయంరా," అన్నాడు అబూ షాహెర్, ఖాళీ కప్పు కింద పెడుతూ. "పెళ్ళికి సంతకం దేనికి, మనం లేమూ?"